తడిక ఎవరి చేతిలో ఉండాలి?

డోర్నకల్ ఎందుకు జంక్షన్ అయిందని మా బడి పిల్లల్ని అడిగితే, భద్రాచలం రోడ్డుకు పోయే లైను ఇక్కడ చీలుతుంది కాబట్టి అంటారు. ఆ లైను ఎందుకు చీలిందని అడిగితే పెద్దలక్కూడా చాలామందికి జవాబు తట్టదు. ఆ పట్టాలు మొదట మనుషుల కోసం వెయ్యలేదు. ఇల్లెందు అడవిలో బొగ్గు బయటపడింది. దాన్ని తవ్వుకునే హక్కు 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ చేతికి వచ్చింది. పేరులో హైదరాబాద్ ఉన్నా అది ఇంగ్లండులో రిజిస్టరైన కంపెనీ. తవ్విన బొగ్గును పెద్ద లైను మీదికి చేర్చడానికి డోర్నకల్ నుంచి ఇల్లెందు వైపు పట్టాలు పడ్డాయి. ఆ కంపెనీ వారసత్వంలోనే 1920లో సింగరేణి కాలరీస్ పుట్టింది.

ప్రపంచీకరణ 1991లో మొదలైందని పాఠ్యపుస్తకాల్లో ఉంటుంది. కోయ గూడేల దగ్గరికి అది అంతకు నూరేళ్ల ముందే వచ్చింది. మా తాతల కాళ్ల కింది నేలను తవ్వి తీసుకుపొమ్మని చెప్పింది నైజాం, తీసుకుపోయింది దొరల కంపెనీ. ఆ బేరంలో మా తాతలను ఎవరూ ఏమీ అడగలేదు.

అందుకే ప్రపంచ మార్కెట్ మంచిదా చెడ్డదా అన్న చర్చ దగ్గర మేము ఎక్కువసేపు ఆగలేము. అది ఎప్పుడో వచ్చింది, ఇక పోదు. మా ప్రశ్న వేరే. మా పాత ఇళ్లకు వెదురు తడికే తలుపు. పొద్దున తీస్తాం. చుట్టం వస్తాడు, బేరగాడు వస్తాడు. రాత్రి మూస్తాం, వానకు మూస్తాం, పసిబిడ్డకు జ్వరమొస్తే పగలు కూడా మూస్తాం. ఎప్పుడు తియ్యాలో ఎప్పుడు వెయ్యాలో ఇంట్లోవాళ్లకు తెలుసు. దేశం అనే ఇంటికీ ఇలాంటి తడిక ఉంది. దిగుమతి సుంకం, ఎగుమతి నిషేధం, వ్యాపార ఒప్పందం అన్నీ ఆ తడికను తీసే వేసే పద్ధతులే. దాన్ని ఎవరు తీస్తున్నారు? తీసినప్పుడు ఇంట్లో ఒకరి కుండ పగిలితే ఆ నష్టం ఎవరు కట్టాలి? ఈ రెండూ ఆర్థికశాస్త్రం కన్నా ముందు న్యాయానికి సంబంధించిన ప్రశ్నలు.

ముందుగా తలుపు తెరిచినవాళ్ల వైపు మాట కూడా చెప్పుకోవాలి. 1991లో దేశం దగ్గరున్న విదేశీ డబ్బు రెండు మూడు వారాల దిగుమతులకు మాత్రమే సరిపోయే స్థితి వచ్చింది. దాదాపు 47 టన్నుల బంగారాన్ని విదేశాల్లో కుదువపెట్టారు. అప్పుడు తలుపు తెరిచిన ప్రధాని పి.వి. నరసింహారావు పుట్టింది మా ఉమ్మడి వరంగల్ జిల్లాలోనే, నర్సంపేట పక్కన లక్నేపల్లిలో. అంతకుముందు కొన్ని సరుకుల మీద 300 శాతం దాటి ఉన్న సుంకాన్ని ఆ ఏడాది బడ్జెట్‌లో గరిష్ఠంగా 150 శాతానికి దించారు. 2007 నాటికి, కొన్ని మినహాయింపులు పోగా, పారిశ్రామిక సరుకుల మీద అది 10 శాతానికి దిగింది. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడింది, మన దేశం మొదటినుంచీ అందులో సభ్యురాలు. 2001 ఏప్రిల్ నాటికి దిగుమతుల మీద ఉన్న పరిమాణ ఆంక్షలు చాలావరకు పోయాయి.

దీనివల్ల మేలు జరగలేదని అంటే అబద్ధమవుతుంది. హైదరాబాద్‌లో తయారయ్యే మందులు ప్రపంచమంతా పోతున్నాయి. గురుకులాల్లో చదివిన మా పిల్లలు కొందరు అక్కడి కంపెనీల్లో కుర్చీలో కూర్చుని జీతం తీసుకుంటున్నారు. ప్రతి గూడెంలో సెల్‌ఫోన్ ఉంది. ఖమ్మం, మహబూబాబాద్ వైపు పండే తేజ రకం మిర్చి చైనా, థాయిలాండ్, బంగ్లాదేశ్ దాకా పోతోంది. అక్కడ కొనేవాడు లేకపోతే ఇక్కడ కల్లంలో మిర్చికి ఆ ధర రాదు. దేశం మొత్తం మీద లెక్క వేస్తే లాభమే ఎక్కువ అని చెప్పేవాళ్లతో మేము కొట్లాడబోవడం లేదు.

కొట్లాట ఆ 'మొత్తం మీద' అన్న మాటతోనే. బడిలో సగటు పాఠం చెప్పేటప్పుడు ఒక లెక్క వేయిస్తాం. ఒకరికి 90 మార్కులు, ఇంకొకరికి 10 మార్కులు వస్తే సగటు 50. ఆ 50 మార్కులు ఇద్దరిలో ఎవరికీ రాలేదు. దేశం లాభపడింది అన్నప్పుడు ఆ దేశం ఎక్కడ ఉంటుందని అడగాలి. బొంబాయి రేవులో ఉంటుందా, కొత్తగూడ అడవిలో ఉంటుందా?

స్వేచ్ఛా వ్యాపారం అందరికీ మేలని 1817లో ఇంగ్లండు ఆర్థికవేత్త రికార్డో ఒక ఉదాహరణతో చెప్పాడు. ఇంగ్లండు బట్ట నెయ్యాలి, పోర్చుగల్ ద్రాక్షసారా చెయ్యాలి, ఇద్దరూ మార్చుకోవాలి, అప్పుడు ఇద్దరికీ ఎక్కువ మిగులుతుంది. లెక్క తప్పు కాదు. అయితే పోర్చుగల్ నేతగాడు మగ్గం వదిలి ద్రాక్షతోటకు అంత తేలికగా పోతాడని ఆ లెక్క అనుకుంటుంది. తరువాత వచ్చినవాళ్లు ఇంకో మాట చేర్చారు. వ్యాపారంతో లాభపడ్డవాళ్లు నష్టపోయినవాళ్లకు పరిహారం ఇచ్చినా వాళ్ల చేతిలో ఇంకా మిగులుతుందట. ఇవ్వగలరు అని చెప్పి శాస్త్రం అక్కడ ఆగుతుంది. ఇచ్చారా అని అడగడం మిగతావాళ్ల పని.

మా పక్కనే ఒక ఉదాహరణ ఉంది. గోదావరి ఒడ్డున మంగపేట మండలం కమలాపురంలో, ఇప్పుడది ములుగు జిల్లా, ఏపీ రేయాన్స్ ఫ్యాక్టరీ 1980ల మొదట్లో మొదలైంది. తరువాత బల్లార్‌పూర్ ఇండస్ట్రీస్ పేరుమీద నడిచింది, జనం నోట 'బిల్ట్' అయింది. వెదురు, జామాయిల్ లాంటి కర్రను ఉడికించి గుజ్జు చేసేవారు. ఆ గుజ్జు నుంచి రేయాన్ దారం, ఆ దారం నుంచి బట్ట. కర్ర కొట్టినవాళ్లు, లారీకి ఎత్తినవాళ్లు, చేన్లో జామాయిల్ వేసుకున్నవాళ్లు, గేటు ముందు టీ కొట్టు పెట్టుకున్నవాళ్లు అందరి బతుకులూ ఆ పొగగొట్టానికి కట్టి ఉండేవి. 2014 ఏప్రిల్‌లో ఉత్పత్తి ఆగింది. అంతర్జాతీయ మార్కెట్‌లో గుజ్జు ధర పడిపోయింది, దిగుమతి గుజ్జు చౌకగా వస్తోంది, కర్రకూ బొగ్గుకూ పెట్టే ఖర్చు గిట్టడం లేదు అన్నది కారణం. రాష్ట్ర ప్రభుత్వం రాయితీలు ప్రకటించింది. అయినా పొయ్యి మళ్లీ వెలగలేదు.

చౌక గుజ్జు వల్ల దేశంలో ఎవరో లాభపడ్డారు. దారం తీసే మిల్లుకు ఖర్చు తగ్గింది. ఎక్కడో ఒక చొక్కా కొన్నవాడికి నాలుగు రూపాయలు మిగిలి ఉండొచ్చు. ఆ నాలుగు రూపాయలూ కోట్లమంది జేబుల్లో పడి కనిపించకుండా పోయాయి. నష్టం మాత్రం వందల కుటుంబాల మీద ఒక్కచోటే పడింది. కమలాపురం కార్మికుడు పొద్దున్నే లేచి హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ పనికి పోలేడు. రికార్డో నేతగాడికి ద్రాక్షతోట దొరికిందేమో, ఇతనికి దొరకలేదు.

ఇక్కడ దొంగ లేడు. ఎవరూ ఎవరి జేబూ కొట్టలేదు. ధర పడింది, ఫ్యాక్టరీ ఆగింది, అంతే. దొంగ లేడు కాబట్టి బాధ్యుడూ లేడనడం మాత్రం సబబు కాదు. ధర వానలాగా ఆకాశం నుంచి పడదు. అదే రోజుల్లో, 2013, 2014 సంవత్సరాల్లో, అమెరికా, కెనడా, బ్రెజిల్ నుంచి వచ్చే ఇదే రకం గుజ్జు మీద చైనా అదనపు సుంకం వేసింది. తన ఫ్యాక్టరీలు దెబ్బతింటున్నాయని తన తడిక సగం వేసుకుంది. అంటే తడిక వెయ్యడానికి వీలుంది. వెయ్యడమా వద్దా అన్నది మనుషులు తీసుకునే నిర్ణయం. నిర్ణయం ఉన్నచోట బాధ్యత కూడా ఉంటుంది.

నూనె సంగతి ఇంకా చిక్కైనది. మా గూడేల్లో ఇప్పపలుకుల నుంచి తీసిన నూనెతో కూర వండేవారు, దీపం పెట్టేవారు. ఇవాళ ఇప్పనూనె వాసన మా పిల్లల్లో చాలామందికి తెలియదు. దుకాణంలో పామాయిల్ ప్యాకెట్ కొంటాం. నూనెగింజల మీద 1986లో మొదలైన జాతీయ కార్యక్రమం వల్ల 1990ల తొలి ఏళ్లకు దేశం వంటనూనెలో దాదాపు తన కాళ్ల మీద తాను నిలబడింది. 1994లో పామాయిల్ దిగుమతికి గేట్లు ఎత్తారు, తరువాత సుంకం తగ్గిస్తూ పోయారు. ఇవాళ దేశం వాడే వంటనూనెలో సగానికి పైగా బయటినుంచే వస్తోంది, పామాయిల్ ఎక్కువగా ఇండోనేషియా, మలేషియాల నుంచి.

ఇప్పనూనె పోవడానికి దిగుమతి ఒక్కటే కారణం కాదు. చెట్లు తగ్గాయి, పలుకులు ఏరి నూనె తీసే ఓపిక తగ్గింది, కూలికి పోతే నూనె ప్యాకెట్ డబ్బులు ఒక్క పూటలో వస్తాయి. చౌక నూనె వల్ల మా ఇళ్లల్లో కూడా నాలుగు బజ్జీలు ఎక్కువ వేగుతున్నాయి. కాబట్టి ఇక్కడ కొనుక్కుని లాభపడేవాళ్లం మేమే, అమ్ముకోలేక నష్టపోయేవాళ్లం మేమే. అయితే 2022 ఏప్రిల్ చివర ఇండోనేషియా పామాయిల్ ఎగుమతి ఆపినప్పుడు ఒక సంగతి అర్థమైంది. తన దేశంలో నూనె ధర పెరుగుతోందని వాళ్లు తమ తడిక వేసుకున్నారు. వాళ్ల ఇల్లు, వాళ్ల ఇష్టం. మా వైపు మాత్రం ఇప్పపలుకులు ఏరే అలవాటూ పోయింది, గానుగా పోయింది. చౌక అన్నది ఈ రోజు ధర ఒక్కటే చూసి చెప్పే మాట. చౌకగా దొరుకుతున్నదని వదిలేసిన పనిని మళ్లీ నేర్చుకోవడానికి అయ్యే ఖర్చు ఆ ధరలో ఉండదు.

స్వేచ్ఛగా జరిగిన వ్యాపారంలో ఇద్దరూ ఒప్పుకునే కదా ఇచ్చిపుచ్చుకున్నారు, మధ్యలో న్యాయం అన్యాయం ఎక్కడివి అని అడిగేవాళ్లున్నారు. ఈ వాదన మాకు కొత్త కాదు. సంతలో ఇంత ఉప్పు పోసి అంత చింతపండు కొలుచుకున్న షావుకారు కూడా ఇదే అనేవాడు. కత్తి చూపలేదు, బలవంతం చెయ్యలేదు, ఒప్పుకునే ఇచ్చారు. నిజమే, ఒప్పుకునే ఇచ్చాం. అతనికి మా చింతపండు ఈ వారం కాకపోతే వచ్చే వారం కొనుక్కోవచ్చు. మాకు ఉప్పు ఈ వారమే కావాలి. ఆగగలిగినవాడికీ ఆగలేనివాడికీ మధ్య కుదిరిన ఒప్పందాన్ని స్వేచ్ఛ అనవచ్చా? 1956లో గిరిజన సహకార సంస్థను పెట్టడానికి మూలం ఈ ప్రశ్నే.

భూమి విషయంలో ఈ దేశ చట్టం ఇంకా స్పష్టంగా జవాబు చెప్పింది. షెడ్యూల్డు ప్రాంతాల భూబదలాయింపు నిబంధనలు 1959లో వచ్చాయి. వాటిని సవరిస్తూ 1970లో వచ్చినదాన్నే మనం '1/70' అంటాం. ఏజెన్సీలో ఆదివాసీ తన భూమిని ఆదివాసీ కానివారికి అమ్మలేడు. ఆదివాసీ కానివారు కూడా తమలో తాము అమ్ముకోలేరు. మామూలు కళ్లతో చూస్తే ఇది మా స్వేచ్ఛకే అడ్డం. నా భూమి నేను అమ్ముకుంటానంటే వద్దనడానికి ప్రభుత్వం ఎవరు? అయినా 1988లో సుప్రీంకోర్టు ఈ చట్టం చెల్లుతుందని తీర్పు ఇచ్చింది. 1997 నాటి సమత తీర్పు ఇంకో అడుగు ముందుకు వేసి, ప్రభుత్వం కూడా ఏజెన్సీ భూమిని ఆదివాసేతరుల గనులకు లీజుకు ఇవ్వరాదంది. ఈ చట్టం వెనకున్న ఆలోచన ఒక్కటే. సమానం కానివాళ్ల మధ్య వ్యాపారాన్ని స్వేచ్ఛగా వదిలేస్తే చివరికి ఒకడి చేతిలో అంతా ఉంటుంది, ఇంకొకడి చేతిలో ఏమీ ఉండదు.

ఈ ఆలోచననే మన దేశం ప్రపంచ వేదికల మీద వాదిస్తుంది. జెనీవాలో 2008 జూలై చర్చల్లో, దిగుమతులు ఒక్కసారిగా వెల్లువెత్తితే మా చిన్న రైతుల కోసం సుంకం పెంచుకునే హక్కు మాకుండాలని భారత్ పట్టుబట్టింది. అమెరికా ఒప్పుకోలేదు, చర్చలు విరిగిపోయాయి. 2013 డిసెంబరులో బాలిలో, పేదల కోసం ధాన్యం సేకరించి నిలవచేసే హక్కును వదులుకోబోమని వాదించి తాత్కాలిక రక్షణ సాధించింది. 2019 నవంబరు 4న బ్యాంకాక్‌లో, 15 దేశాల ఆర్‌సెప్ వాణిజ్య ఒప్పందంలో చేరబోవడం లేదని ప్రధాని ప్రకటించారు. గాంధీజీ చెప్పిన గీటురాయీ, తన అంతరాత్మా అందుకు ఒప్పుకోవడం లేదన్నారు. నువ్వు వేసే అడుగు, నువ్వు చూసిన అత్యంత పేదవాడికి పనికొస్తుందా అని ఆలోచించుకో అన్నదే ఆ గీటురాయి.

ఇవన్నీ మాకు సంతోషమే. బలమైన దేశాల ముందు మన దేశం మాట్లాడే భాష అచ్చంగా ఆదివాసీ భాష. మేమూ మీరూ సమానం కాదు, కాబట్టి ఒకే నియమం ఇద్దరికీ న్యాయం కాదు అంటుంది. మరి అదే దేశం లోపలికి తిరిగి మాతో మాట్లాడేటప్పుడు భాష ఎందుకు మారుతుంది? పోటీలో నిలబడలేకపోతే పడిపోవాలి, ధర ప్రపంచానిది, మేమేం చెయ్యగలం అని ఎందుకంటుంది? అమెరికా ముందు భారత్‌కు న్యాయమైనది, ఢిల్లీ ముందు గూడేనికి కూడా న్యాయమే కావాలి.

తలుపులు మూసెయ్యమని మేము చెప్పడం లేదు. 1/70తో బతికినవాళ్లం, రక్షణకూ ఖర్చు ఉంటుందని మాకు తెలుసు. అమ్మడానికి వీల్లేని భూమిని బ్యాంకు తాకట్టుకు లెక్కచెయ్యదు, అప్పు పుట్టడం కష్టమవుతుంది. తడిక ఎప్పుడూ వేసి ఉంచితే లోపల పొగ నిండుతుంది. పైగా ఒక పేదవాడికి మేలు చేసే తడిక ఇంకో పేదవాడికి అడ్డం కావచ్చు. 2025 ఆగస్టులో కేంద్రం పత్తి మీద 11 శాతం దిగుమతి సుంకాన్ని మొదట సెప్టెంబరు 30 దాకా, తరువాత డిసెంబరు 31 దాకా తీసేసింది. అమెరికా మన సరుకుల మీద 50 శాతం సుంకం వేసిన నెల అది, బట్ట మిల్లులను కాపాడుకోవాలన్నారు. తిరుప్పూరులో బనీన్లు కుట్టే అక్కాచెల్లెళ్లూ పేదవాళ్లే, వాళ్ల పని పోకూడదు. కానీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మా వైపు పత్తి ఏరే కాలం. జూన్‌లో విత్తనం పెట్టినవాడు సుంకం ఉందనుకుని పెట్టాడు, పంట చేతికొచ్చే వేళకు అది లేదు. ఎవరిని కాపాడాలో ఎంచుకోక తప్పని రోజు వస్తుంది. ఎంచుకున్నప్పుడు మిగిలిపోయినవాళ్లకు ఏమి బాకీ పడ్డామో కూడా అదే రోజు చెప్పాలి.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్‌లో ఒక చిత్రం ఉంది. కేంద్ర జాబితాలో 14వ అంశం విదేశాలతో ఒప్పందాలు. రాష్ట్ర జాబితాలో 14వ అంశం వ్యవసాయం. అంకె ఒకటే, గదులు రెండు. పంట పండించడం ఒక గదిలో, ఆ పంట ధరను తలకిందులు చేసే సంతకం ఇంకో గదిలో. మధ్యలో తలుపు లేదు. 1996 నాటి పెసా చట్టం మా భూమి తీసుకునే ముందు గ్రామసభను సంప్రదించాలంటుంది. చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్యం గ్రామసభదంటుంది. ఆ ఉత్పత్తుల ధరను కొట్టెయ్యగల ఒప్పందం గురించి మాత్రం గ్రామసభకు ఎవరూ ఒక కాగితం కూడా పంపరు. భూమి పోతే అడగాలి, భూమి మీద పండినదాని విలువ పోతే అడగక్కరలేదు అన్నది నిలబడే న్యాయమేనా?

మేము కోరేవి మూడు. మొదటిది, తడిక తీసే ముందు ఇంట్లోవాళ్లకు చెప్పండి. వాణిజ్య ఒప్పందం చర్చకు వచ్చినప్పుడు అందులో మా పత్తి, మిర్చి, నూనెగింజలు, అడవి సరుకులు ఉంటే, అర్థమయ్యే తెలుగులో, వీలైన చోట కోయ భాషలో, గ్రామసభకు వివరం రావాలి. రెండోది, విత్తనం వేసినప్పుడున్న సుంకం పంట అమ్మేదాకా ఉండాలి. ఆట మధ్యలో నియమం మార్చగూడదని మూడో తరగతి పిల్లలకు కూడా తెలుసు. మూడోది, తలుపు తెరవడం వల్ల దేశానికి వచ్చిన లాభంలోంచి, నష్టపోయిన చోటికి వాటా తిరిగి రావాలి. దాన్ని సాయం అనకూడదు, దయ అనకూడదు. కమలాపురం లాంటి చోట కొత్త పని, కొత్త చదువు, పని దొరికేదాకా కూడు, ఇవన్నీ బాకీ తీర్చడం కిందికే వస్తాయి. పెద్ద లాభం కోసం చిన్నవాడి కుండ పగిలిందని ఒప్పుకుంటున్నప్పుడు, ఆ కుండ వెల కట్టకుండా లాభాన్ని లాభం అనడానికి లేదు.

ఇవి జెనీవాలో ఎవరో తేల్చేదాకా మేము ఖాళీగా కూర్చోనక్కరలేదు. వచ్చే గ్రామసభలో రోడ్డు, నీళ్లు, పింఛన్లతో పాటు పంట ధరల సంగతి కూడా ఎజెండాలో రాయించవచ్చు. ఈ ఏడాది ఏ సరుకు మీద సుంకం మారింది, ఎప్పుడు మారింది, అప్పుడు మన చేన్లో ఏముంది అని ఒక పేజీ రాసి చదవవచ్చు. ఆ పేజీ రాయగలిగిన చదువు ఇప్పుడు ప్రతి గూడెంలో ఒకరిద్దరికైనా ఉంది. తీర్మానం రాసి, వేలిముద్రలూ సంతకాలూ పెట్టి కలెక్టరుకు పంపితే, ఎవరూ మమ్మల్ని అడగలేదన్న మాట మొదటిసారి కాగితం మీదికి ఎక్కుతుంది. 1886లో ఇల్లెందు అడవి గురించి అలాంటి కాగితం ఒక్కటీ లేదు.